చెవిన పడని కబురు

మా పేటలో తలుపులమ్మ ఎవరని అడిగితే "మొగుణ్ని మాలలో పెట్టి కాపరం చేసుకొచ్చే మనిషి" అని చెబుతారు. నవ్వుతూ చెబుతారు. ఆ నవ్వేవాళ్లలో సగంమంది మొగుళ్లు పొద్దు వాలేసరికి యానాం ఆటో ఎక్కేవాళ్లే. అందుకని వాళ్ల నవ్వుకి నేను పెద్దగా విలువివ్వను.

నేను ఆ పేటలో అంగన్‌వాడీ టీచర్ని. పేరు ఉషారాణి, పుట్టింది కొవ్వూరులో. గౌతమి ఒడ్డున చేపలు పట్టుకుని బతికే ఈ పేటకి ఉద్యోగం కోసం వచ్చి, ఇక్కడే ఇల్లు అద్దెకి తీసుకుని ఉండిపోయాను. నాకు నోరు ఎక్కువని మా సూపర్‌వైజరమ్మ ఎప్పుడూ అంటుంది. ఉంటే ఉంది. ముప్పైమంది పసిపిల్లల్నీ, వాళ్ల నాయనమ్మల్నీ నోరు లేకుండా ఎలా నెట్టుకురావాలో ఆవిడే వచ్చి చూపించాలి.

తలుపులమ్మతో నా పరిచయం గొడవతోనే మొదలైంది. ఆవిడ తెల్లవారుతూనే రేవులో చేపలు కొని, గంప నెత్తిన పెట్టుకుని ఊళ్లు తిరిగి అమ్ముకొస్తుంది. ఒకరోజు మధ్యాహ్నం నేను ఇంటికొచ్చేసరికి ఆ గంప నా పెరట్లో ఉంది. దాని చుట్టూ పేటలో ఉన్న పిల్లులన్నీ ఉన్నాయి. తలుపులమ్మ నా బోరింగు కింద కూర్చుని తలమీద నీళ్లు గుమ్మరించుకుంటోంది. నేను కేకలేశాను. ఆవిడ తడిచీరతో లేచి, ఇంట్లో స్వామి ఉన్నాడనీ, నీచు వాసనతో గడప తొక్కకూడదనీ, మాల ఉన్నన్నాళ్లూ గంప ఇక్కడ పెట్టుకోనివ్వమనీ బతిమాలింది. పిల్లుల సంగతి నేను చూసుకుంటానంది. అలా చూసుకున్నదేం లేదు. ఇప్పటికీ ఆ పిల్లులు నా పెరట్లోనే ఉన్నాయి.

ఆ స్వామి ఆవిడ మొగుడే. పేరు వీరబాబు. పనిమంతుడు, నది మీద నావ నడపడంలో అతని తర్వాతే ఎవరైనా. తాగకపోతే మాట కూడా మెత్తన. కానీ యానాంలో మందు చవక, మా పేటకి యానాం దగ్గర. తాగొచ్చిన రాత్రి ఆ ఇంట్లో గిన్నె గిన్నెలా ఉండదు. ఒకసారి కుతకుత ఉడుకుతున్న గంజిగిన్నెని కాలితో తన్నాడు. అది తలుపులమ్మ మోచేతి మీద పడింది. ఆ మచ్చని ఆవిడ జాకెట్టు చెయ్యి కిందకి లాక్కుని దాచుకుంటుంది. అడిగితే అట్లకాడ తగిలిందంటుంది. అంత మచ్చ పడే అట్లకాడ నేనెక్కడా చూడలేదు.

తిట్టింది, ఏడ్చింది, పుట్టింటికి వెళ్లింది, వచ్చింది. ఏదీ పనిచెయ్యలేదు. చివరికి మూడేళ్ల కిందట కార్తీకమాసంలో అత్తగారు పాపాయమ్మతో చెప్పించి మొగుడి మెడలో అయ్యప్ప మాల వేయించింది. పాపాయమ్మకి దేవుడంటే ప్రాణం. ఆ ఇంట్లో గోడ కనపడదు, దేవుడి పటాలే కనపడతాయి. వీరబాబుకి పెళ్లాం మాట లెక్కలేదు గానీ, దేవుడి మాటంటే వణుకు. మాల పడిన రోజునుంచి మనిషి మారిపోయాడు. చీకటితో లేచి చన్నీళ్ల స్నానం, నల్లబట్టలు, నుదుట గంధం, కాళ్లకి చెప్పులు లేవు, నేలమీద చాప. మందు ముట్టడు, చేప ముట్టడు, వల కూడా ముట్టడు. ఆ మండలంపాటు కొబ్బరికాయల లారీలకి లోడింగ్ పనికి పోయాడు. సాయంత్రం పిల్లలిద్దర్నీ చెరోపక్కా కూర్చోబెట్టుకుని శరణాలు చెప్పించాడు. ఆ నెలన్నరా తలుపులమ్మ కంటినిండా నిద్రపోయింది. పెళ్లయ్యాక అలా నిద్రపోవడం అదే మొదటిసారని నాతో చెప్పింది.

శబరిమల వెళ్లొచ్చి మాల తీసిన నాలుగోనాడు అతను మళ్లీ యానాం ఆటో ఎక్కాడు.

అప్పుడు తలుపులమ్మ ఒక పని చేసింది. గోడమీద క్యాలెండరు దించి పండగలన్నీ వరసగా చూసుకుంది. దసరాకి భవానీ మాల. అది తియ్యగానే కార్తీకంలో అయ్యప్ప మాల. అది అయ్యాక శివరాత్రికి శివమాల. ఎండాకాలంలో హనుమంతుడి మాల. ఒక్కోదానికి ఒక్కో మొక్కు పెట్టింది. పిల్లాడికి దగ్గని ఒకటి, పిల్లకి ఒళ్లు రావట్లేదని ఒకటి, నావ ఇంజను మొరాయిస్తోందని ఇంకొకటి. మొక్కిందంటే తీర్చాల్సిందేగా. వీరబాబు పాపం ఒక మాల తీసి ఇంకో మాల వేసుకునేవాడు. మధ్యలో ఖాళీ ఉన్న రోజుల్ని మాత్రం ఎవరూ ఏమీ చెయ్యలేకపోయారు. ఆ రోజులు దగ్గరపడుతుంటే తలుపులమ్మ మొహం చూడలేకపోయేదాన్ని.

మాలలన్నీ మొగుడివి, చాకిరీ పెళ్లానిది. స్వామికి భిక్ష వండాలంటే తెల్లారకముందే తలస్నానం. డిసెంబరు చలైనా సరే, జ్వరమైనా సరే. వల నీళ్లలో పడదు కాబట్టి గంప ఇంకా ఎక్కువ ఊళ్లు తిరగాలి. తిరిగొచ్చి నా బోరింగు కింద మళ్లీ తలస్నానం. నెలసరి వస్తే ఇంట్లో ఉండకూడదు, నా వసారాలో పడుకునేది. తడిజుట్టుతో తిరిగి తిరిగి ఆవిడకి ఆయాసం పట్టుకుంది. "ఇదంతా ఎందుకు పడుతున్నావే?" అంటే, "పిల్లలు భయపడకుండా అన్నం తింటన్నారండి" అంది.

పిల్లలిద్దరు. పెద్దాడు ఉదయ్‌కుమార్, మూడో తరగతి. చిన్నది సాయిదుర్గ, ఐదో ఏడు నడుస్తోంది, నా దగ్గరికే వస్తుంది. చిలకలా మాట్లాడుతుంది, కానీ తూకం ఎక్కదు. ప్రతి నెలా బరువు చూసినప్పుడల్లా నాకు తల కొట్టేసినట్టుండేది. ఎందుకు ఎక్కదంటే గుడ్డు తినదు. మేం రోజూ పిల్లలకి ఉడికించిన గుడ్డు పెడతాం. మిగతావాళ్లు ఒకటి తిని రెండోదానికి చెయ్యి చాస్తారు. ఇది మాత్రం నోరు గట్టిగా మూసుకుని రెండు చేతులూ అడ్డం పెట్టుకుంటుంది. ఇంట్లో మాల ఉన్నా ఇక్కడ తినొచ్చనీ, తిన్నాక నోరు కడుక్కుంటే చాలని మీ నాయనమ్మే చెప్పిందనీ ఎంత చెప్పినా వినదు.

మొన్న కార్తీకంలో నాకు నిజంగానే కోపమొచ్చి, దాన్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని ఇవాళ తినేదాకా వదలనన్నాను. అది ఏడవలేదు. నా చెవి దగ్గరకొచ్చి రహస్యంగా చెప్పింది.

"తింటే స్వామి వెళ్లిపోతాడు టీచర్. నాన్న వచ్చేస్తాడు."

ముందు అర్థం కాక నవ్వాను. మెల్లగా అడిగాను. అది చెప్పింది విన్నాక నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది. వాళ్లింట్లో ఇద్దరు మనుషులుంటారట. ఒకాయన స్వామి, నల్లబట్టలు, గడ్డం. తనని మాతా అని పిలుస్తాడు, జడ వేస్తాడు, అమ్మతో గట్టిగా మాట్లాడడు. ఇంకొకాయన నాన్న. ఆయనొచ్చినప్పుడు అన్నయ్యా తనూ మంచం కింద దూరతారు. ఇద్దరూ ఒకేసారి ఉండరు. ఎవరైనా తప్పు చేస్తే స్వామికి కోపం వచ్చి వెళ్లిపోతాడని నాయనమ్మ చెప్పింది. పాపాయమ్మ చెప్పింది దేవుడి గురించి. పిల్లకి తెలిసిన స్వామి మాత్రం ఇంట్లో ఉన్నవాడే. మరి దాని తప్పేముంది? పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ మాల మెడలో ఉంటే నాన్నా అనకూడదు, స్వామీ అనాలి అని పెద్దవాళ్లే నేర్పారు. ఇంట్లో చెప్పుతో తిరిగినా, తుమ్మినా, నోరుజారి నాన్నా అన్నా ఆ పిల్లే లెంపలేసుకునేది. అంత చిన్న ప్రాణం ఒక మనిషిని ఇంట్లో నిలబెట్టే బరువు మోస్తోంది. ఒళ్లెలా వస్తుంది?

ఆ మధ్యాహ్నం ఈ మాట తలుపులమ్మకి చెప్పాను. ఇద్దరూ ఒకడేనని పిల్లకి చెప్పు తల్లీ అన్నాను. పెద్దాడికి తెలుసనీ, వాడు చెల్లికి చెప్పలేదనీ, చెబితే అది నిద్రపోదని వాడి భయమనీ చెప్పింది. తల తుడుచుకుంటూ, "నాక్కూడా ఇద్దరనే అనిపిస్తదండి" అంది.

ఇది జరిగిన కొన్నాళ్లకే ఆ ఫోను వచ్చింది.

దీక్షలో ఉన్నన్నాళ్లూ వీరబాబు ఫోను ముట్టుకోడు, అది తలుపులమ్మ దగ్గరే ఉంటుంది. తుని అవతల సముద్రం ఒడ్డున వీరబాబు పెదనాన్న అమ్మిరాజు కుటుంబం ఉంది. వీరబాబుకి ఊహ తెలియకముందే తండ్రి పోతే, చేరదీసి పెంచి, చేతికి తెడ్డు ఇచ్చి, వల విసరడం నేర్పింది ఆ పెదనాన్నే. తర్వాత నావలో వాటా గురించి పెదనాన్న కొడుకుతో మాటామాటా పెరిగి రాకపోకలు ఆగిపోయాయి. అయినా మా వీరబాబు ఆయన పేరెత్తితే రెండు చేతులూ జోడించేవాడు. ఆ పెదనాన్న పోయాడు. కొడుకు ఫోన్ చేసి కబురు చెప్పాల్సిన ధర్మం కాబట్టి చెబుతున్నాననీ, వస్తే రమ్మనీ, రాకపోతే మానెయ్యమనీ ముక్తసరిగా అని పెట్టేశాడు. తలుపులమ్మ అప్పుడు రేవులో చేపలు ఏరుకుంటోంది.

ఒకే ఇంటిపేరు వాళ్లలో చావు జరిగితే మైల. మైల వస్తే మాల మెడలో ఉండకూడదు, వెంటనే తీసెయ్యాలి. అయ్యప్ప కొండకి వెళ్లకూడదు. ఇరుముడి కట్టడానికి ఇంకా రెండు వారాలుంది. ఇప్పుడు తీస్తే మళ్లీ మాల శివరాత్రికే. పైగా తండ్రిలాంటి మనిషి పోయిన దుఃఖంలో మాల లేని వీరబాబు ఎటు పోతాడో ఎవరూ చెప్పక్కర్లేదు.

తలుపులమ్మ గంప అక్కడే వదిలేసి తిన్నగా నా ఇంటికొచ్చింది. గుమ్మంలోకి రాలేదు, వసారా మెట్టుమీద కూర్చుంది. చెప్పిందంతా విని, పద, నేనూ వస్తాను, మెల్లగా చెబుదాం అన్నాను. ఆవిడ కదల్లేదు.

"మైల చెవిన పడితేనేనండి. విననివాడికి మైల లేదు. మా పెద్దోళ్లంతా అదే చెప్తారు. దూరదేశంలో ఉన్నోడికి ఏడాదికి తెలిస్తే, తెలిసిన రోజే స్నానం చేస్తాడు. అప్పటిదాకా వాడు శుద్ధంగానే ఉన్నట్టు."

"మరి నువ్వు విన్నావుగా?"

"విన్నాను. నేను మైలపడ్డాను. అందుకే ఇక స్వామికి వంట నేను చెయ్యను. మా అత్తకీ చెప్పను, ఆవిడ వండుద్ది. నేను బయట చేరానని చెప్పి మీ వసారాలో ఉంటాను. మీరు మా ఇంటోళ్లు కాదు, మీకే మైలా లేదు. మీరొక్కరే నాకు దారి టీచరుగారండీ."

నాకు ఒళ్లు మండింది. తండ్రి వరసైన మనిషి పోతే కడచూపు కూడా లేకుండా చెయ్యడానికి నువ్వెవరివి, రేపు తెలిస్తే నీ మొహం చూస్తాడా అని గట్టిగానే అడిగాను. అన్నీ ఆలోచించే వచ్చిందావిడ. ఆ పాపం నా నెత్తిన పెట్టుకుంటానంది. నరకం ఉంటే వెళ్తానంది. రెండు వారాలు, కొండకి వెళ్లొచ్చే వారం, అంతవరకూ పిల్లలకి ఈ మనిషిని ఉంచుకుంటాను, ఆ తర్వాత ఏదైతే అది అవుతుంది అంది. అంతా అయ్యాక మోకాళ్లమీద తల పెట్టుకుని ఆ ముసలాయన కోసం ఏడ్చింది. పెళ్లైన కొత్తలో తనని కూతురా అని పిలిచింది ఆయనొక్కడేనట. గట్టిగా ఏడవడానికి కూడా లేదు, పక్కింటివాళ్లకి వినబడుతుంది. నేను రేడియో పెట్టాను.

మేం చూసుకోనిది ఒకటుంది. సాయిదుర్గ ఆ పొద్దున ముందే నా ఇంటికొచ్చి, సెంటర్‌కి తీసుకెళ్లే పలకలు లోపలి గదిలో సర్దుతోంది. మా మాటలు దానికి వినబడ్డాయని మాకు తెలియదు.

ఆ తర్వాత రోజులు తలుపులమ్మకి ఎలా గడిచాయో చెప్పలేను. రేవులో తుని వైపు మనిషి ఎవరు కనపడ్డా ఆవిడ ముందుగా ఎదురెళ్లేది. వాళ్లని మాటల్లో పెట్టి పేట వైపు రాకుండా తిప్పి పంపేది. నెలసరి రోజులు దాటిపోయినా ఇంటికి వెళ్లకపోయేసరికి పాపాయమ్మకి అనుమానం వచ్చింది. ఒంట్లో బాగాలేదు, ఇంకా ఆగలేదు అని చెప్పి పంపాను. అబద్ధం ఆడింది నేనే. పాపాయమ్మ నన్ను పైకీ కిందకీ చూసి, మిరియాల కషాయం కాచి పంపింది. ఆ ముసలావిడ మంచితనం చూస్తే నాకు సిగ్గేసింది.

ఒక మధ్యాహ్నం సాయిదుర్గని దిగబెట్టి, పాల ప్యాకెట్లు ఇచ్చి వద్దామని వాళ్లింటికి వెళ్లాను. పాపాయమ్మ వెనక వంటసామాను తోముకుంటోంది. వీరబాబు భిక్ష అయ్యాక అరుగుమీద చాప వేసుకుని పడుకున్నాడు, మంచి నిద్రలో ఉన్నాడు. పాప గబగబా లోపలికి పోయి, పీఠం దగ్గర దీపాలకి వత్తులు చేసుకునే దూది గుప్పెట్లో పట్టుకొచ్చింది. నేను పాలు పెట్టి వెనక్కి తిరిగేసరికి అది తండ్రి తలదగ్గర గొంతుక్కూర్చుని ఉంది. దూది చిన్నచిన్నగా తుంచి, వేలితో అతని చెవిలోకి కూరుతోంది. ఒక చెవి అయిపోయింది. రెండోది మొదలుపెట్టగానే వీరబాబుకి మెలకువొచ్చింది.

"ఏంటి మాతా ఇది?"

పాప చెయ్యి వెనక్కి తీసుకుంది. తప్పు చేశానని దానికి తెలుసు. కానీ ఏడుపు ఆపుకుని చెప్పింది.

"ఆ మాట నీ చెవిన పడితే నువ్వెళ్లిపోతావంట స్వామీ. పడకుండా పెడుతున్నాను."

వీరబాబు లేచి కూర్చున్నాడు. చెవిలోంచి దూది తీసి చేతిలో పెట్టుకుని చూశాడు. ఏ మాట అని అడగడానికి నోరు తెరిచాడు. పాప రెండు చేతులతో తన నోరే మూసుకుంది. అప్పుడతను తలెత్తి నన్ను చూశాడు. నేను తల తిప్పుకున్నాను. నాకు అబద్ధం ఆడ్డం వచ్చు గానీ, ఆ చూపుకి ఎదురు నిలబడి ఆడ్డం రాలేదు.

అతనేం తెలివితక్కువవాడు కాదు. పెళ్లాం ఇన్నాళ్లుగా గడప తొక్కట్లేదు. చెవిన పడితే మాల తీసెయ్యాల్సిన మాట చావు కబురు తప్ప ఇంకోటి ఉండదు. తన ఇంటిపేరులో పోయే వయసున్నవాడు ఎవరో కూడా అతనికి తెలుసు. కూర్చున్నచోటే కూర్చుని, తుని ఉన్న దిక్కుకి చాలాసేపు చూశాడు. గడ్డంలోకి నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోలేదు.

తర్వాత ఆ దూదిని తనే రెండు ఉండలు చేసి, రెండు చెవుల్లోనూ గట్టిగా పెట్టుకున్నాడు. పాపని దగ్గరకి తీసుకుని, ఊడిపోయిన జడ విప్పి మళ్లీ వేశాడు. నేను ఇంటికొచ్చేశాను.

ఆ సాయంత్రం ఇదంతా చెబితే తలుపులమ్మ కొడుతున్న బోరింగు వదిలేసింది. తిడతాడనో, చంపుతాడనో అనుకుందట. "పెళ్లై పదేళ్లండి. మేమిద్దరం కలిసి చేసిన పని ఇదొక్కటే" అంది.

కొండకి వెళ్లొచ్చేదాకా అతను ఆ దూది తియ్యలేదు. స్నానానికి తీసి మళ్లీ కొత్తది పెట్టుకునేవాడు. గురుస్వామి చిట్టియ్యగారు చెవులకేమైందని అడిగితే చలిగాలి అన్నాడట. ఎవరైనా దగ్గరకొచ్చి మాట్లాడబోతే చెవులు చూపించి దండం పెట్టి వెళ్లిపోయేవాడు. కొండకి బయల్దేరేటప్పుడు గుడి దగ్గర మేమంతా ఉన్నాం. మిగతా స్వాములందరూ గట్టిగా శరణు చెబుతుంటే, నెత్తిన ఇరుముడితో అతనొక్కడూ ఏడుస్తున్నాడు. చూసినవాళ్లు భక్తి అనుకున్నారు. తలుపులమ్మ దూరంగా, గుడి గోడ బయట నిలబడింది. లోపలికి రాలేదు, మైల కదా.

వారానికి తిరిగొచ్చాడు. పీఠం ముందు కొబ్బరికాయ కొట్టి, పాపాయమ్మ చేతులమీదుగా మాల తీయించుకున్నాడు. అప్పుడు చెవుల్లో దూది తీసి గడప బయట పడేసి, గుమ్మం అవతల నిలబడ్డ పెళ్లాం ఎదురుగా వెళ్లి నిలబడ్డాడు.

"ఇప్పుడు చెప్పు" అన్నాడు.

ఆవిడ చెప్పింది. పాపాయమ్మ శోకాలు మొదలుపెట్టింది. వీరబాబు నదికి వెళ్లి బట్టలతో మునిగి, ఆ తడిబట్టలతోనే బస్సెక్కి తుని వెళ్లాడు. పెళ్లాన్ని ఒక్క మాట అనలేదు. ఆవిడ మాత్రం తిట్టినా బావుండేదని ఆ రోజంతా నా మెట్టుమీద కూర్చుంది.

పెదనాన్న ఊళ్లో ఏం జరిగిందో తర్వాత తెలిసింది. అప్పటికి పెద్దకర్మ కూడా అయిపోయింది. పెదనాన్న కొడుకు గుమ్మంలోనే ఆపేశాడు. పెంచినవాడి పాడె మొయ్యడానికి రానివాడివి ఇప్పుడెందుకొచ్చావు, కబురు అందలేదా అని పదిమందిలో అడిగాడు. మా ఆవిడ నాకు చెప్పలేదు అని ఒక్క మాట అంటే వీరబాబు మీద ఏ మచ్చా ఉండేది కాదు. అతను ఆ మాట అనలేదు. అందింది, నేనే రాలేదు అన్నాడట. ఫోటోకి దండం పెట్టుకోనివ్వమన్నాడు. వాళ్లు తలుపేసుకున్నారు.

తిరుగు బస్సు మా పేట దగ్గర ఆగుతుంది. అతను అక్కడ దిగలేదు. యానాంలో దిగాడు.

ఆ రాత్రి సంగతి మర్నాడు పొద్దున్నే తలుపులమ్మ చెప్పింది. గంప తీసుకోవడానికి సాయిదుర్గని చంకనేసుకుని వచ్చింది. మాల లేదు కాబట్టి గంప ఇక ఇంట్లోనే పెట్టుకోవచ్చు. కళ్లు వాచి ఉన్నాయి గానీ ఒంటిమీద దెబ్బలేం లేవు. నేను ముందు అదే చూశాను.

మొగుడు బాగా తాగి వచ్చాడట. ఉదయ్ మంచం కిందకి దూరి చెల్లిని లాగాడు. కానీ వీరబాబు గడప దాటలేదు. బయట అరుగుమీద కూలబడి, గోడకి తల ఆనించి పెదనాన్నని పిలుచుకుంటూ ఏడ్చాడు. ఏ గిన్నె జోలికీ పోలేదు. చాలాసేపటికి సాయిదుర్గ మంచం కింద నుంచి వచ్చి, తల్లి పట్టుకోబోయినా ఆగకుండా గుమ్మం దాకా వెళ్లి, దూరం నుంచే అడిగింది, స్వామి ఏడీ అని.

"లోపలే ఉన్నాడమ్మా" అన్నాడట గుండె మీద చెయ్యేసి. "ఎక్కడికీ పోలేదు. నేనే రానియ్యట్లేదు."

అది చెప్పి తలుపులమ్మ గంప ఎత్తుకోబోయి ఆగింది. ఇంతకుముందు ఇలాంటి రోజున ఆవిడ మొదట చూసేది గోడమీద క్యాలెండరు. శివరాత్రి ఎప్పుడో నన్ను అడిగేది. ఇవాళ అడగలేదు. నేనూ ఎత్తలేదు. ముసలాయన కడచూపు ఆవిడ తీసేసింది. ఆ లోటుకే అతను మళ్లీ తాగాడు. అది ఆవిడకీ తెలుసు, నాకూ తెలుసు. ఏ మాల వేసినా అది పోదు.

సాయిదుర్గ తల్లి చంకలోంచి దిగి నా కొంగు లాగింది. సెంటర్లో దెబ్బలకి మందు వేసే డబ్బాలో దూది ఉంటుందని దానికి తెలుసు. అది కావాలంది.

ఎందుకే అన్నాను.

"నాన్నకి" అంది. ఆ మాట దాని నోటి వెంట భయం లేకుండా రావడం నేను వినడం అదే మొదలు. "స్వామి లోపలే ఉన్నాడంట టీచర్. చెవుల్లోంచి బైటికి పోకుండా మూసెయ్యాలి."

నేను తలుపులమ్మ వైపు చూశాను, పిల్లకి ఏం చెప్పమంటావన్నట్టు. ఆవిడ గంప కింద పెట్టి, మోచేతి మచ్చ మీదకి జాకెట్టు చెయ్యి లాక్కుంది.

"ఇవ్వండి టీచరుగారండీ" అంది. "రెండు చెవులకీ సరిపోయేలా ఇవ్వండి."